ముడుల డబ్బా

మా ఇంటికీ పెద్దమ్మ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. అటువైపు ఆమె మిషను తొక్కితే ఇటువైపు మా అలమరలో గాజుగ్లాసులు సన్నగా మోగేవి. గ్లాసులు మోగుతున్నాయంటే అంతా మామూలుగా ఉన్నట్టు. ఆగిపోతే మా అమ్మ చేతిలో గరిటెతోనే వీధిలోకి వెళ్ళి, "ఏమైందక్కా, దారం తెగిందా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగి వచ్చేది.

ఊరికంతటికీ కుట్టుమిషను అదొక్కటే. అది మా నాన్నమ్మది. ముగ్గురు కోడళ్ళలో మా అమ్మకు సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు గనక ఆమెను వదిలేసి, పెద్దమ్మకూ పిన్నికీ కుట్టు నేర్పింది. పోతూ పోతూ మిషను పెద్దకోడలికి ఇచ్చింది. చిన్నకోడలు అప్పటికే బాబాయితో పట్నం వెళ్ళిపోయింది. పెద్దనాన్న పోయిన తర్వాత పెద్దమ్మ బతుకంతా ఆ మిషను చుట్టూనే తిరిగింది.

మిషను వసారాలో, వీధి వైపు తిరిగి ఉండేది. బస్సు దిగినవాళ్ళయినా, బడికి వెళ్ళేవాళ్ళయినా, బిందెలతో నీళ్ళకు వెళ్ళేవాళ్ళయినా ఆ వసారా ముందు నుంచే పోవాలి. పెద్దమ్మ తల ఎత్తేది కాదు. అడుగుల చప్పుడును బట్టే మనిషిని పోల్చేది.

"ఏం పంతులమ్మా, ఇవాళ పెందలాడే వదిలేశారు బడి? పిల్లల కంటే ముందు మీకే ఆకలేసినట్టుంది!"

"గుడ్లమామ్మా, బుట్ట బరువుగా ఉందే! కోళ్ళను బెదిరించి పెట్టించావా ఏంటి?"

ఎవరు ఏ పనిమీద పట్నం వెళ్ళారో, ఎవరి సంచిలో మందులున్నాయో, ఎవరి సంచిలో కొత్త చెప్పులున్నాయో ఆమెకు తెలుసు. తెలిసింది నోట్లో దాచుకునే అలవాటు మాత్రం లేదు.

మిషను కింద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. అందులో నూలుతాళ్ళు, మనిషికొకటి. తాడు కొస నుంచి మొదటి ముడి దాకా భుజం, రెండో ముడి దాకా నడుము, మూడో ముడి దాకా ఛాతీ, నాలుగో ముడి దాకా పొడుగు. తాడు ఎవరిదో తెలియడానికి చివర వాళ్ళ బట్టలోనే మిగిలిన పీలిక ఒకటి కట్టి ఉండేది. నాన్నమ్మకు అక్షరాలు రావు గనక ఆ పద్ధతి కనిపెట్టింది. పెద్దమ్మకు చదవడం, రాయడం వచ్చు. అయినా ముడులు మానలేదు.

"కాగితం మీద రాస్తే ఎవరైనా చదువుతారే. ముడి నాకొక్కదానికే తెలుస్తుంది" అనేది.

ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి ఒకసారి, పిల్లలకైతే ఎత్తు పెరగడం ఆగాక ఒకసారి కొలత తీసేది. అంతే, ఇక జీవితంలో మళ్ళీ టేపు పట్టే పని లేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళు, పంతులమ్మతో సహా, వేసేది గౌన్లే. గుడ్డ ఇచ్చి వెళ్ళడం, నాలుగు రోజుల్లో వచ్చి తీసుకోవడం. ఎవరైనా "కాస్త బిగుతైంది పెద్దమ్మా" అంటే వీధి ఆ చివరిదాకా వినపడేలా నవ్వేది. "బట్ట బిగుతవలేదే, నువ్వు బిగుతయ్యావు!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు, అడిగిన మనిషి కూడా నవ్వేది. మరోసారి అడిగేది కాదు.

ఇంత రాజ్యం ఉన్నా పెద్దమ్మ కళ్ళు మాత్రం పట్నంలో మూడో అంతస్తులో ఉన్న పిన్ని ఇంటి మీదే ఉండేవి.

పిన్ని బట్టల కంపెనీలో పనిచేసేది. బాబాయి లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. వాళ్ళకు తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంది. సెలవులకు పిన్ని వచ్చినప్పుడల్లా తోడికోడళ్ళిద్దరికీ ఇదే మాట.

"నీకేమే, మహారాణివి. కుళాయి తిప్పితే నీళ్ళు, మెట్లు దిగితే డాక్టరు. మా నర్సు బుధవారం బుధవారం వస్తుంది. మాకిక్కడ బుధవారం తప్ప జబ్బు చేయకూడదు. డజను తెల్ల బొత్తాలు కావాలంటే పొద్దున బస్సెక్కి సాయంత్రం బస్సు దిగాలి. బొత్తాలకు ఒక రోజు, జిప్పుకు ఒక రోజు. ఇదీ నా బతుకు."

"ఆ కుళాయి పొద్దున గంటసేపేనక్కా వచ్చేది. నీకేం, కిటికీ తీస్తే గాలి. నేను కిటికీ తీస్తే పక్కవాళ్ళ గోడ. చెయ్యి చాపితే తగులుతుంది."

"గాలా? మూటగట్టి ఇస్తా, పట్టుకుపో. ఆ డాక్టరును ఇక్కడ దింపిపో."

పిన్ని నవ్వేసి మిషను చక్రం మీద చెయ్యి వేసేది. "పదకొండేళ్ళక్కా, ఎడమచేతులు కుడుతున్నా. గౌనుకు ఎడమచెయ్యి, చొక్కాకు ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఎవరు కుడతారో కూడా నాకు తెలీదు. ఒక గౌను మొదట్నుంచి చివరిదాకా కుట్టి ఎన్నాళ్ళయిందో! ఒక్కసారి కూర్చోనా?"

"సూది వదులుగా ఉంది, తర్వాత చూద్దాంలే" అని పెద్దమ్మ మిషను మీద గుడ్డ కప్పేసేది. పిన్ని బస్సెక్కాక గుడ్డ తీసి అదే సూదితో కుట్టుకునేది. ఇది నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

ఈ ఏడాది పిన్నికి దగ్గు పట్టుకుంది. కంపెనీలో గాలినిండా నూలు నూగేనట. నలభై రోజులు ఆ నూగుకు దూరంగా, మంచి గాలి ఉన్న చోట ఉండమన్నాడు డాక్టరు. ఖాళీ పడిన కుర్చీని కంపెనీవాళ్ళు రెండో రోజే వేరేవాళ్ళకు ఇస్తారు. ఇంటి మనిషి ఎవరైనా వచ్చి కూర్చుంటే మాత్రం చూసీచూడనట్టు ఊరుకుంటారు. నలభై రోజులు ఇళ్ళు మార్చుకుందామా, పిల్లకు తోడుండి నా కుర్చీలో కూర్చుంటావా అని పిన్ని ఫోను చేసి, మొహమాటపడుతూ అడిగింది. పెద్దమ్మ నా కుట్టుపని ఎవరు చూస్తారు, నా కోళ్ళను గంప కింద ఎవరు మూస్తారు అని ఓ గంట బెట్టు చేసి, ఫోను పెట్టేయగానే అటకమీద నుంచి పెట్టె దింపింది.

పిన్ని వచ్చిన రోజే పెద్దమ్మ ప్రయాణం.

"విశ్రాంతి తీసుకో. కోళ్ళకు గింజలెయ్యి, కిటికీలు తెరిచి పడుకో. మిషను జోలికి మాత్రం పోకు. అసలే దగ్గు, దుమ్ము మంచిది కాదు" అని జాగ్రత్తలు చెప్పి, మిషను మీద ఒకటికి రెండు గుడ్డలు కప్పింది.

సంచి బస్సు దాకా నేనే మోశాను. పక్కన గట్టిగా ఏదో తగులుతుంటే చూస్తే, రేకు డబ్బా.

"అక్కడ ఎడమచేతులే కదా పెద్దమ్మా కుట్టేది, ఈ డబ్బా ఎందుకు?"

"ఎలుకలు కొడతాయి" అంది, నా కళ్ళలోకి చూడకుండా.

మా ఇళ్ళలో ఎలుకల మాట నేనెప్పుడూ వినలేదు.

రోజూ సాయంత్రం ఆరింటికి నాకు ఫోను. మొదటి వారం అంతా పట్నం వైభవమే. మెట్లు దిగితే బొత్తాల కొట్టట. ఒకటి కాదు, వరసగా మూడట. ఎర్ర జిప్పు అడిగితే ఏ ఎరుపు అని అడిగారట! సాయంత్రం గంటసేపు వీధుల్లో నడిచిందట, ఎక్కడికి అని అడిగిన నోరే లేదట. "హాయిగా ఉందే. ఇక్కడ నేను ఎవర్నో ఎవరికీ తెలీదు" అంది. పదో రోజు కూడా అదే మాట అంది. ఈసారి 'హాయిగా' అన్నది లేదు.

కంపెనీలో నలభై మిషన్లు. పెద్దమ్మది పదిహేడో నంబరు, పిలుపు కూడా అదే, "పదిహేడూ!" వరసలకు పెద్ద అయిన అద్దాలాయన ఆమె కుట్టిన చేతులు వెనక్కి పంపేవాడట.

"అన్నీ ఒకేలా ఉండాలంటాడే. ఇది ఎవరికండీ అని అడిగితే, ఎవరికైతే ఏం అంటాడు. ఎవరిదో తెలీకుండా చెయ్యి ఎలా కుడతాం? అయినా ఒక సంగతి చెప్పనా? మీ పిన్నికి పదకొండేళ్ళుగా తెలియని కుడిచెయ్యి వెనక వరసలోనే ఉంది. రెండో రోజే కనిపెట్టాను. పలకరిస్తే ఉలిక్కిపడింది పాపం."

ఆ తర్వాత ఎప్పుడూ ఒకే ప్రశ్న. "అక్కడేం సంగతులు?"

నాకు అబద్ధం చెప్పడం రాదు. ఊరుకోవడం వచ్చు గానీ ఫోనులో ఊరుకుంటే ఇంకా అనుమానం. పన్నెండో రోజున అంతా చెప్పాల్సి వచ్చింది.

"ఎవరొచ్చారు ఇవాళ?"

"పంతులమ్మ."

"ఎందుకు?"

"గౌను కుట్టించుకోవడానికి."

"మిషను జోలికి పోవద్దన్నానే! సరే, కొలతలు ఎక్కడివి? డబ్బా నా దగ్గరుందిగా?"

"టేపుతో తీసుకుంది."

"టేపుతోనా? ఎలా తీసింది, వదులుకు టేపు కింద మూడు వేళ్ళు పెట్టిందా, రెండా?"

"కనపడలేదు పెద్దమ్మా. తెర కట్టింది."

"తెరా? ఏంటి, నాటకం వేస్తోందా?"

నాటకం ఏమీ లేదు. దగ్గు తగ్గి, ఊరికే కూర్చోలేక పిన్ని మిషను మీది గుడ్డలు తీసింది. దాన్ని వసారాలోంచి లోపలి గదిలోకి, కిటికీ పక్కకు జరిపింది. గది మధ్యలో పూలదుప్పటి ఒకటి అడ్డంగా కట్టింది. డబ్బా లేదు గనక వచ్చిన ప్రతి మనిషినీ తెర వెనక్కి తీసుకెళ్ళి, "చేతులెత్తండి" అని కొలతలు తీసుకునేది. ఎక్కడ వదులు కావాలి, ఎక్కడ పట్టేస్తుంది అని గొంతు తగ్గించి అడిగేది. అంతే. ఆ మాత్రానికే వసారాలో బల్ల నిండిపోయింది.

"లోపల ఏం మాట్లాడుకుంటున్నారే?"

"వినపడదు పెద్దమ్మా."

"మీ అలమర పక్కన గోడ పల్చగా ఉంటుంది. అక్కడ చెవి పెట్టు."

"పెద్దమ్మా!"

"ఏం, గోడకు చెవి పెడితే నీ డిగ్రీలు రాలిపోతాయా?"

మర్నాడు జేబుల సంగతి చెప్పాను. గుడ్లమామ్మ గౌనుకు పిన్ని జేబు పెట్టింది. ఫోను, తాళంచెవి, చిల్లర అన్నీ అందులో పడుతున్నాయని మామ్మ కనపడిన వాళ్ళందరికీ జేబులోకి చెయ్యి పెట్టి చూపిస్తోంది. ఆ వారంలో ఏడుగురు జేబులు అడిగారు.

"ఆడవాళ్ళకు జేబులెందుకు? ఆ ఊళ్ళో ఏం దొరుకుతాయని, ఏం కొనుక్కుని దాస్తారని?" పెద్దమ్మ గొంతులో కడుపుమంట తెలుస్తోంది. "ఇరవై రెండేళ్ళు కుట్టాను. ఒక్కత్తయినా జేబు కావాలని నన్ను అడిగిందా? దాన్ని ఎందుకడిగారు?"

నాకు జవాబు తెలుసు, చెప్పలేదు. ఒక సంగతి దాచాను కూడా. అంతకు ముందురోజు పిన్ని నన్ను తెర వెనక్కి పిలిచి, చంక దగ్గర చూసి, "ఈ ఎర్రగీత ఏంటే?" అంది. నా తాడు పదో తరగతిలో కట్టింది. అది ఒరుసుకుపోయిన గీత. ఇన్నేళ్ళూ నేను బట్టలంటే అలాగే ఉంటాయనుకున్నాను. పిన్ని నాకో చొక్కా కుట్టి ఇచ్చింది. వేసుకుని పై అరలోంచి పుస్తకం తీశాను. చెయ్యి పైకెత్తితే బట్ట నాతోపాటు వచ్చింది.

ఇరవై ఏడో రోజు ఫోనులో పెద్దమ్మ సంగతులేమీ అడగలేదు. "గ్లాసులు మోగుతున్నాయా?" అంది.

"లేదు. మిషను లోపలి గదిలో కిటికీ పక్కకు పోయింది కదా, దాని అదురు గోడదాకా రాదు."

"ఊఁ" అని పెట్టేసింది.

ముప్ఫై ఒకటో రోజు పొద్దున బస్సు వచ్చి వెళ్ళిన కాసేపటికి మా పెరటి తలుపు చప్పుడైంది. తీస్తే పెద్దమ్మ. చేతిలో సంచి. నా నోటికి వేలు అడ్డం పెట్టి లోపలికి వచ్చింది. వీధిలోంచి కాకుండా పెరట్లోంచి ఆమె రావడం నా జీవితంలో అదే మొదలు.

"పెద్దమ్మా, పని?"

"జ్వరమని చెప్పొచ్చా. ఉష్..."

నేరుగా అలమర దగ్గరికి వెళ్ళి గోడకు చెవి ఆనించింది. వద్దని చెయ్యి పట్టుకోబోయి, నేనూ పక్కనే నిలబడిపోయాను. నిజంగానే గోడ పల్చన. పంతులమ్మ గొంతు పక్కనే ఉన్నట్టు వినపడింది.

"బిగుతని ఆవిడకు చెప్పలేకపోయానమ్మా. చెబితే వీధి వీధంతా వింటుంది. పిల్లలు బడిలో కూడా అదే మాట అని నవ్వుతారు. అయిదేళ్ళుగా కొత్త గౌను రాగానే ఇంటికి తీసుకెళ్ళి చంక కుట్లు విప్పుకుంటున్నా. నేనే కాదు, ఈ వీధిలో చాలామంది అంతే."

"అక్క కుట్టు విప్పారా? గట్టివారే! నిన్న ఒకటి విప్పబోతే నా బ్లేడు విరిగింది" అంది పిన్ని. "కుట్టుకు వంక పెట్టలేం పంతులమ్మా. కొలతే పాతది."

పెద్దమ్మ మొహంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిన్ని ఆమెను తిట్టలేదు, మెచ్చుకుంది. అదే ఆమెకు తగిలింది. గోడకు ఆనించిన చెవి ఎర్రగా కమిలిపోయి ఉంది. సంచిని నేలమీద ఈడ్చుకుంటూ పెరటి తలుపులోంచే బయటికి వెళ్ళింది. నేను వెనకాలే పరిగెత్తాను.

పెద్దమ్మను చూడగానే వసారాలో బల్లమీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. గుడ్లమామ్మ జేబులో పెట్టుకున్న చేతిని గబుక్కున బయటికి తీసింది. పెద్దమ్మ ఎవరినీ పలకరించలేదు. లోపలికి వెళ్ళి తెర లాగింది.

పిన్ని మెడలో టేపుతో, పంతులమ్మ ఒక చెయ్యి పైకెత్తి, ఇద్దరూ అలాగే ఆగిపోయారు.

"బాగా పాతుకుపోయావే, నా చోట్లో" అంది పెద్దమ్మ.

పిన్ని ఆ మాట విన్నట్టే లేదు. మొహం పాలిపోయింది. "అక్కా, నువ్విక్కడుంటే నా కుర్చీలో ఎవరున్నారు?"

"ఒక్కరోజుకేం కాదులే."

"రేపు కూడా ఖాళీగా ఉంటే ఇచ్చేస్తారు. పిల్ల చదువు అక్కడ, ఇల్లు అక్కడ. నువ్వనుకుంటున్న మహారాణితనమంతా ఆ ఒక్క కుర్చీ మీదే ఉందక్కా!" దగ్గు వచ్చింది, ఆపుకుంది. "నిజం చెప్పనా? ఈ మిషను మీద కూర్చున్న మొదటిరోజు, నువ్వు తిరిగి రాకపోతే బాగుండు అనుకున్నా. అత్తయ్య దీన్ని నాకెందుకివ్వలేదా అని ఏడ్చాను కూడా. కానీ నీ చోటు తీసుకుని నేనేం చేసుకోను? సాయంత్రం నాలుగింటికి బస్సుంది. వెళ్ళక్కా. ఈ తొమ్మిది రోజులూ మిషను ముట్టుకోనులే. ఒట్టు."

పెద్దమ్మ సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. చేత్తో వెతికి, బూడిదరంగు పీలిక ఉన్న తాడొకటి లాగింది.

"ఇలా తిరగండి పంతులమ్మా" అంది. ఒక క్షణం ఆగి, వెనక్కి వెళ్ళి, తాను లాగిన తెరను మళ్ళీ అంచుదాకా మూసింది. బయటివాళ్ళకు కనపడకుండా.

తాడును పంతులమ్మ ఛాతీ చుట్టూ తిప్పింది. కొసా, మూడో ముడీ కలవాలి, కలవలేదు. మధ్యలో నాలుగు వేళ్ళ ఎడం. పెద్దమ్మ ఇంకోసారి తిప్పింది, ఈసారి కాస్త లాగి. పంతులమ్మ ఊపిరి బిగపట్టింది, అయిదేళ్ళుగా బిగపట్టినట్టే. అయినా మూడు వేళ్ళు.

బిగుతయ్యారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. అనలేదు. తాడు చుట్టి డబ్బాలో పడేసింది.

"మధ్యాహ్నానికి ఏం వండావు?" అని అడిగింది పిన్నిని.

నాలుగింటి బస్సుకు మళ్ళీ నేనే సంచి మోశాను. సంచి తేలిగ్గా ఉంది. డబ్బాను ఆమె వసారాలోనే వదిలేసింది. పిన్ని వెనకాలే వచ్చి, "అక్కా, ఇది?" అంటే, "తాడు మంచిది, నూలుది. చిక్కుడు తీగకు కట్టుకో" అంది.

బస్సు కదలబోతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, మా ఇద్దరికీ వినపడేలా అరిచింది. "మిషను ముట్టుకోను అందిగా, ముట్టుకోమను. ఆ పంతులమ్మ గౌను సగంలో ఉంది. సగం గౌనుతో బడికి పోతుందా ఏంటి?"

తొమ్మిది రోజులూ ఆమె నుంచి ఫోను లేదు. పదిహేడో నంబరు కుర్చీ పిన్నికి దక్కింది. తిరిగి వచ్చిన పిన్నిని కుడిచెయ్యి కుట్టే ఆమె పేరు పెట్టి పలకరించిందట. మీ అక్క ఎలా ఉంది, కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా అని అడిగిందట. పిన్ని ఆ సంగతి ఫోనులో చెబుతుంటే గొంతులో కాస్త కుళ్ళు వినపడింది. పదకొండేళ్ళు అక్కడ కూర్చున్నది తను, నలభై రోజులకే అందరికీ చుట్టమైపోయింది అక్క.

పెద్దమ్మ వచ్చిన రోజే మిషను వసారాలోకి చేరింది. వీధి కనపడకపోతే తనకు కుట్టు పడదంది. మా గ్లాసులు మళ్ళీ మోగాయి. అయితే లోపలి గదిలో పూలదుప్పటి మాత్రం కట్టినచోటే ఉండిపోయింది. పెరట్లో చిక్కుడు తీగ ముడుల తాళ్ళు పట్టుకుని పందిరెక్కింది. ఒక్కో తాడు చివర ఒక్కో రంగు పీలిక గాలికి ఊగేది. ఊళ్ళో వాళ్ళంతా ఆ తీగమీద ఉన్నారు.

పెద్దమ్మ వచ్చిన మూడో రోజు గుడ్లమామ్మ గుడ్డ పట్టుకుని వచ్చింది. నేను వసారా మెట్టుమీద పుస్తకంతో ఉన్నాను.

"ఇంకో గౌను కావాలి. జేబు ఉండాలి. మీ చెల్లెలు పెట్టినట్టు, ఇంత లోతు" అని మామ్మ మణికట్టు దగ్గర గీత గీసి చూపించింది.

"పెడతా."

"చెల్లెలు బాగా కుట్టింది. చేతిలో ఏదో ఉంది ఆ పిల్లకు."

"ఊఁ."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

పెద్దమ్మ పళ్ళ మధ్య ఉన్న గుండుసూదిని బయటికి తీసింది. ఇప్పుడు ఊరంతా వినపడే మాట ఒకటి వస్తుందనుకుని నేను పుస్తకం మూశాను. ఆమె లేచి, గోడకున్న టేపు తీసి మెడలో వేసుకుంది. "లోపలికి రా" అని మామ్మను తెర వెనక్కి తీసుకెళ్ళింది.

"చేతులెత్తు మామ్మా."

"మీ చెల్లెలైతే 'చేతులెత్తండి' అనేది" అంది మామ్మ.

తెర వెనక టేపు ఒకసారి విదిలించిన చప్పుడు.

"ఎత్తండి" అంది పెద్దమ్మ.

ఆ గౌను నాలుగో రోజుకు తయారైంది. మామ్మ వేసుకుని, బుట్ట తలమీద పెట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని వీధి ఆ చివరిదాకా నడిచి చూసింది. ఎక్కడా పట్టేయలేదట. జేబు మాత్రం పెద్దమ్మ పిన్ని పెట్టినదానికంటే ఒక వేలు ఎక్కువ లోతుగా కుట్టింది.